వలస కుటుంబములు – ఇంటిలోని హింస – మన సంఘ బాధ్యత

(స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగ సందర్భమున మాటలాడుమని నన్ను పిలిచినప్పుడు మన బడులను గురించో, ఆసుపత్రులను గురించో చెప్పుతానని పెద్దలు అనుకొని యుందురు. ఆ సంగతులు నాకంటె బాగుగా చెప్పగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పది ఏండ్లకు పైగా నర్సు పని చేసినదానను. నర్సుగా చూచినదానిని, సంఘ కమిటీ సభ్యురాలిగా తప్పు చేసి నేర్చుకొన్నదానిని నేడు చెప్పుతాను. పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచిపోయే మన కుటుంబములలో ఆలుమగల మధ్య వచ్చే చిక్కులు, ఇంటిలోని హింస, వీటిని గురించి సంఘము ఏమి చేయవలెను అనునదే నా విషయము. పండుగ పూట ఇటువంటి మాటలేల అని ఎవరికైనా తోచినచో క్షమించవలెను. పండుగకు రాలేకపోయినవారిని తలచుకొనుట కూడా పండుగలో భాగమే.

వలస మన సీమకు కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువును గురించి మన అవ్వలు తమ అవ్వల నోట విన్నారు. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూచిన, కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనము తగ్గినది. చచ్చినవారు చావగా, మిగిలినవారు గంజి దొరికే తావులకు నడిచిపోయినారు. మన సంఘములలో అనేకము ఆ కరువు తరువాతి ఏండ్లలో పెరిగినవే. అనగా మనము వలసపోయినవారి బిడ్డలము. ఈ మాట మరువరాదు.

మన కాలములోనే చూడండి. 1981 వేసవిలో శ్రీశైలము జలాశయము కొరకు కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళను ఖాళీ చేయించినారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు నూరు గ్రామములు నీట మునిగినవి. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించగా, మన ప్రభుత్వము 1,70,000 మందికి పైగా భారతీయులను విమానములలో వెనుకకు తెచ్చినది. అందులో రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతములవారు ఎందరో ఉన్నారు. ఎడారిలో శరణార్థులై, కట్టుబట్టలతో ఇల్లు చేరినారు. 2020 మార్చి 25న దేశమంతా మూతపడినప్పుడు పట్టణముల నుండి నడిచి వచ్చిన కుటుంబములను మనమే చూచినాము. ఇవి పెద్ద వార్తలు. పత్రికలలో అంతగా కనిపించనిది ఏటేటా జరిగే సుగ్గి. కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, మంత్రాలయము వైపు నుండి పంట పోయిన ఏట, మిరప కోతకు, పత్తి తీతకు గుంటూరు సీమకు పోతారు. మరికొందరు బెంగళూరికి, హైదరాబాదుకు కట్టడపు పనులకు పోతారు. ఇంటికి తాళము, అరుగు మీద ముసలివారు. ఆదివారమున గుడిలో బెంచీలు ఖాళీ.

ఊరు విడిచినందువల్లనే మగవాడు భార్యను కొట్టుతాడని నేను చెప్పుట లేదు. కదలక ఇంట కూర్చున్నవాడు కూడా కొట్టుచున్నాడు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో పెండ్లియైన స్త్రీలలో పదిమందికి సుమారు ముగ్గురు భర్త చేతి హింసకు గురియైనవారే. అందరూ వలసపోయినవారు కారు. ఉద్యోగస్థుల ఇండ్లలో, గుడిలో ముందు వరుసలో కూర్చొనేవారి ఇండ్లలో కూడా ఇది ఉన్నది.

మరి వలస చేసేదేమి? అది సాక్షులను తీసివేస్తుంది. సొంత ఊరిలో ఆడబిడ్డ కేక వేసిన, పక్కింటి అవ్వ తలుపు తట్టుతుంది. మరునాడు పుట్టింటికి కబురు పోతుంది. చేను గట్టున వేసిన పట్టల గుడారములో ఆ అవ్వ లేదు. ఉన్నవారందరు ఒకే మేస్త్రీ కింద అడ్వాన్సు తీసుకొన్న కూలీలు. రేపటి పని చెడునని నోరు మెదపరు. కట్టడము దగ్గర రేకుల షెడ్డులో ఇరుగుపొరుగుల భాష వేరు. పోలీసు ఠాణా ఏ వైపున ఉన్నదో ఆమెకు తెలియదు.

రెండవ చిక్కు డబ్బు. సుగ్గిలో ఆలుమగలు ఇద్దరూ కోత కోసినా, లెక్క చూచుకొనేది, పైకము అందుకొనేది మగవాడే. కువైటుకు పోయిన స్త్రీ సంగతి మరొక విధము. ఆమె పరుల ఇంట బాసనలు తోమి, బిడ్డలను సాకి పంపిన రూకలు ఇక్కడ భర్త పేరనో, మామ పేరనో పడతాయి. ఐదేండ్లకు తిరిగి వచ్చి, నేను పంపినది ఏమైనదని అడిగిన దినమే ఇంటిలో రగడ మొదలు. లెక్క చెప్పలేనివాడు ఆమె నడతను గురించి మాటలాడుతాడు. భర్త గల్ఫులో ఉండి భార్య ఇక్కడ ఉన్నచోట, అత్తవారి కన్ను, ఫోనులో భర్త అనుమానము, రెండింటి మధ్య ఆమె నలుగుతుంది. శ్రీశైలపు నష్టపరిహారము వచ్చినప్పుడు కూడా రొక్కము ఎక్కువగా మగవారి చేతికే పోయినది. భూమి ఉన్నన్నాళ్ళు ఇంటిలో ఆమె కష్టమునకు ఒక విలువ ఉండెను. భూమి పోయి రొక్కము వచ్చిన ఇంట ఆమె మాటకు విలువ తగ్గినది.

ఇది మన సీమకే పరిమితము కాదు. దీనబంధువని పేరు పొందిన సి.ఎఫ్. ఆండ్రూస్‌గారు, పియర్సన్‌గారు కలసి ఫిజీ దీవిలోని భారతీయ కూలీల స్థితిని చూచి 1916లో నివేదిక వ్రాసినారు. మద్రాసు రాజధాని నుండి పోయిన మనవారు కూడా అక్కడ ఉండిరి. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలను పంపే పద్ధతి వలన, కూలీ లైనులలోని ఇరుకు బ్రతుకు వలన, కుటుంబ జీవితము ఎట్లు చెదరిపోయినదో వారు లోకమునకు చెప్పినారు. 1917లో ఆ కూలీల ఎగుమతి ఆగినది. ఎవరో ఒకరు పోయి, చూచి, చెప్పినందువల్లనే ఆగినది. సాక్షి అవసరము అట్టిది.

ఇప్పుడు నా తప్పు చెప్పుతాను. చాలా ఏండ్ల క్రితము ఒక ఆమె నుదుట గాయముతో ఆసుపత్రికి వచ్చినది. ఏమైనదమ్మా అంటే, "గడప తగిలింది సిస్టరమ్మా" అన్నది. గడప తగిలిన గాయము ఎట్లుంటుందో నాకు తెలుసు. అయినా కుట్లు వేసి పంపినాను. పదిహేను దినములకు ఆమె సంఘ పెద్దల దగ్గరకు వచ్చి, భర్త కొట్టుచున్నాడని, ఈసారి సుగ్గికి వానితో పోలేనని చెప్పినది. మేము ఐదుగురము కూర్చున్నాము. ఇద్దరిని ఒకే చాప మీద కూర్చోబెట్టినాము. అతడు తల వంచుకొని ఎంతో వినయముగా ఉన్నాడు. "నీవేమంటావమ్మా?" అని అతని ఎదుటనే ఆమెను అడిగినాము. ఆమె అతని ముఖము చూచి, "ఏమీ లేదులేండి" అన్నది. మేము సంతోషించినాము. ఓర్పును గురించి నాలుగు మాటలు చెప్పి, ప్రార్థన చేసి, చేతులు కలిపించి, టీ తాగించి పంపినాము. ఒక కుటుంబమును నిలిపినామనుకొని ఆ రాత్రి నేను నెమ్మదిగా నిద్రపోయినాను.

ఆ వారమే వారు సుగ్గికి పోయినారు. ఇరువది దినములకు ఆమె విరిగిన చేయితో, ఇద్దరు బిడ్డలతో తిరిగి వచ్చినది. రాత్రివేళ గుడారములో నుండి తప్పించుకొని, రోడ్డు దాకా నడిచి, ఎవరో పుణ్యాత్ములు బస్సు ఎక్కించగా వచ్చినది. నేను చేయి కట్టుచుండగా ఆమె నన్ను తిట్టలేదు. ఒక్క మాట అన్నది: "మీరంతా అట్ల కూర్చోని వాని ముందరే అడిగితే నేను నిజం ఎట్ల చెబుదును సిస్టరమ్మా? ఆ రాత్రి మళ్ళా వాని పక్కనే గదా నేను పండుకోవాల్సింది."

నేడు ఆమె తన బిడ్డలతో క్షేమముగా ఉన్నది. నేను మాత్రము ఆ మాటను మరువలేదు. మేము ఆమెను ఓదార్చినామనుకొన్నాము. నిజమునకు ఆమె పారిపోవుటకు ఉన్న ఒక్క వాకిలిని మూసినాము.

అందుచేత మొదట నేర్చుకొనవలసినది, తగవు వేరు, హింస వేరు. ఆలుమగలకు తగవులుంటాయి. అప్పును గురించి, అత్తమామలను గురించి, బిడ్డ చదువును గురించి మాటామాటా పెరుగుతుంది. అక్కడ ఇద్దరూ మాటలాడగలరు, ఇద్దరూ కోపపడగలరు. అట్టివారిని కూర్చోబెట్టి సమాధానపరచుట సంఘమునకు తగిన పని. కాని ఒకరు మాటలాడే ముందు రెండవవారి కన్ను చూచి మాట కొలుచుకొన్నచో అది తగవు కాదు, భయము. భయము ఉన్నచోట రాజీ కుదరదు. అక్కడ మొదటి ప్రశ్న "మీరు ఎట్లు కలసి ఉందురు?" అనునది కాదు. "ఈ రాత్రి నీవు, నీ బిడ్డలు ఎక్కడ పండుకొందురు?" అనునదే.

మనలో కొందరు వెంటనే హాగరును జ్ఞాపకము చేస్తారు. ఆమె ఐగుప్తు దేశస్థురాలు, పరాయి ఇంట దాసి, నేటి మాటలో వలస పనిమనిషి. శ్రమకు తాళలేక పారిపోయినప్పుడు తిరిగి పొమ్మని ఆమెకు చెప్పబడినది కదా అంటారు. నిజమే. కాని ఆ కథ అక్కడ ముగియలేదు. రెండవసారి ఆమె బిడ్డతో అరణ్యములో ఉన్నప్పుడు ఎవరూ తిరిగి పొమ్మనలేదు. ఆమె కన్నులకు నీళ్ళ బావి కనబడినది. మన పెద్దలు మొదటి సంగతినే జ్ఞాపకము పెట్టుకొని, బావిని మరచిపోవుచున్నారు. లోబడి యుండుటను గురించి స్త్రీకి పాఠము చెప్పువారు, అదే పత్రికలో భర్తకు చెప్పిన ప్రేమ ధర్మమును కూడా అంతే గట్టిగా చెప్పవలెను.

ఇక చేయవలసిన పనులు చెప్పుతాను.

మొదటిది, వినుట. ఆమెను ఒంటరిగా, మరొక స్త్రీ వినవలెను. ఆమె చెప్పినది నమ్మవలెను. నీవేమి చేసితివి, వానికి కోపమేల వచ్చినది అని అడుగరాదు. పైకము, నగలు లాగుకొనుట, తిండికి ఇవ్వకుండుట, ఫోను పెరికివేయుట, నోటితో కించపరచుట, ఇష్టములేని సమయమున శరీరమును బలవంతము చేయుట, ఇవన్నియు హింసయే. గాయము కనబడిననే హింస అనుకొనరాదు.

రెండవది, గుట్టు. మన కుటీర ప్రార్థనలలో ఒక చెడు అలవాటు ఉన్నది. ఫలానా సహోదరి ఇంటిలో సమాధానము లేదు, ఆమె కొరకు ప్రార్థించండి అని అందరి ఎదుట చెప్పుతాము. సాయంకాలమునకు ఆ మాట భర్త చెవిని పడుతుంది. ఆ రాత్రి దెబ్బలు ఆమెకే. ప్రార్థన చేయవలెను గాని, పేరు చెప్పరాదు.

మూడవది, తావు. ఆమె ఇల్లు విడిచే సమయమే అన్నిటికంటె ప్రమాదకరమైనదని ఈ పనిలో ఉన్నవారందరు చెప్పుతారు. మన గుడి ఆవరణములలో వాడని గదులు ఎన్నో ఉన్నవి. వానిలో ఒకటి శుభ్రము చేసి, గడియ, వెలుతురు, నీళ్ళు ఉండునట్లు చూచి ఉంచవచ్చును. అంతకంటె భద్రత కావలసినచో జిల్లా కేంద్రములలో సఖి కేంద్రములు ఉన్నవి. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఆ పథకములో వైద్యము, సలహా, పోలీసు సహాయము, కొద్ది దినముల వసతి ఒకే చోట దొరుకును. 181 నంబరుకు గాని, ప్రాణభయమున్నచో 112కు గాని ఫోను చేయవచ్చును. బిడ్డల సంగతికి 1098.

నాలుగవది, చట్టము. గృహహింస నుండి స్త్రీలను కాపాడే 2005 చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. ఇది అన్ని మతములవారికి వర్తించును. కొట్టరాదని ఆజ్ఞ, ఇంటిలో నుండి వెళ్ళగొట్టరాదని ఆజ్ఞ, ఖర్చులకు పైకము, బిడ్డలు ఆమె దగ్గర ఉండుట, ఇవి మేజిస్ట్రేటు ఇప్పింపగలరు. వలసవారికి ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. ఆమె తాత్కాలికముగా ఎక్కడ నివసించుచున్నదో అక్కడి కోర్టులో కూడా అర్జీ పెట్టవచ్చును. ఆ ఆజ్ఞ దేశమంతట చెల్లును. భర్త క్రూరత్వమునకు సంబంధించిన నేరము కేసును, ఆమె ఆశ్రయము పొందిన ఊరిలోనే పెట్టవచ్చునని సుప్రీం కోర్టు 2019 ఏప్రిల్‌లో తీర్పు చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలైన కొత్త చట్టము ప్రకారము, నేరము ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకొనవలెను. "గుంటూరులో కొట్టినాడు, ఇక్కడ మాకేమి?" అనుటకు వీలు లేదు. స్త్రీకి న్యాయవాదిని ఉచితముగా ఇచ్చుటకు న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది.

క్రైస్తవ స్త్రీలకు మరొక సంగతి. 1869 నాటి విడాకుల చట్టములో, భర్త క్రూరత్వము ఒక్కటే భార్యకు చాలిన కారణము కాకపోయెను. వ్యభిచారము కూడా రుజువు చేయవలసి వచ్చెను. 2001లో ఆ చట్టమును సవరించినారు. నేడు క్రూరత్వము ఒక్కటే చాలును. నేను విడాకులను బోధించుట లేదు. కాని దారి లేదని అబద్ధము చెప్పి ఆమెను దెబ్బలలోనికి పంపుట పాపము.

ఐదవది, పోకముందే జాగ్రత్త. సుగ్గికి పోయే ముందు సంఘములో ఒక పుస్తకము పెట్టి, ఎవరు, ఏ ఊరికి, ఏ మేస్త్రీతో పోవుచున్నారో వ్రాసికొనవలెను. స్త్రీ పేర బ్యాంకు ఖాతా ఉన్నదా, ఆధారు కార్డు ఆమె చేతనే ఉన్నదా చూడవలెను. బిడ్డలను సీజనల్ హాస్టలులో గాని, అవ్వతాతల దగ్గర గాని ఉంచితే బడి చెడదు. వారానికి ఒకసారి స్త్రీల మైత్రి నుండి ఒకరు ఫోను చేసి ఆమెతోనే మాటలాడవలెను. భర్త పక్కన ఉన్నాడేమో గనుక ముందుగా ఒక గుర్తుమాట అనుకొనవలెను. "మా అవ్వకు కాళ్ళనొప్పులు ఎట్లున్నాయి?" అని ఆమె అడిగినచో, అక్కడ ఏదో జరిగినదని మనము గ్రహించవలెను. గుంటూరు సీమలో కూడా సంఘములు ఉన్నవి. ఆ అయ్యగార్లకు ఒక ఉత్తరము వ్రాయుట ఎంత పని?

కువైటుకు పోయేవారికి కూడా ఇట్లే చెప్పవలెను. ఇంటిపనికి పోయే స్త్రీకి 30 ఏండ్లు నిండవలెనని మన ప్రభుత్వపు నిబంధన. వయస్సు మార్చి పంపే ఏజంటును నమ్మరాదు. కువైటు ప్రభుత్వము 2015లో చేసిన చట్టము ప్రకారము ఇంటి పనివారికి దినమునకు 12 గంటలకు మించి పని లేదు, వారమునకొక సెలవు ఉన్నది, పాస్‌పోర్టు యజమాని ఉంచుకొనరాదు. అంతకంటె ముఖ్యము, పంపే పైకము ఆమె సొంత ఖాతాలోనే పడవలెను. ఇంటి ఖర్చుకు ఎంత పంపవలెనో, ఎంత నిలువ ఉంచవలెనో పోకముందే ఇద్దరూ కూర్చొని అనుకొన్నచో సగము తగవులు పుట్టవు.

చివరగా, మగవారితో రెండు మాటలు. అన్నలారా, తమ్ములారా, మీ కష్టము నేను ఎరుగనిది కాదు. పరాయి ఊరిలో మేస్త్రీ చేత మాటలు పడినవాడు, బోరు వేసి అప్పులపాలైనవాడు, భార్య సంపాదన మీద బ్రతుకుచున్నానని లోలోపల కుమిలేవాడు, వీరి బాధ నిజమైనదే. ఆ బాధ చెప్పుకొనుటకు మన సంఘములో తావు లేకపోవుట కూడా మన లోపమే. పురుషుల కూడికలో దానిని గురించి మాటలాడవలెను. సారాయి మాన్పించుటకు ఆసుపత్రులలో వైద్యము ఉన్నది. కాని ఒక్కటి వినండి. మేస్త్రీ మీద చేయి ఎత్తనివాడు, ఇంటికి వచ్చి భార్య మీదనే ఎత్తుచున్నాడు. అనగా చేయిని ఆపుకొనుట అతనికి తెలిసియే ఉన్నది. అట్టివాడు సంఘములో పెద్ద అయినా, కానుకలు ఎక్కువ ఇచ్చేవాడైనా, పదవి నుండి తప్పించి, తన తప్పు ఒప్పుకొని నడత మార్చుకొన్నాడని ఆమెయే చెప్పువరకు వేచియుండవలెను.

నా సహోదరీ సహోదరులారా, ఈ నూరవ ఏట ప్రతి సంఘమును మూడే అడుగుచున్నాను. వలసపోయినవారి పేర్ల పుస్తకము ఒకటి, నోరు జారని ఇద్దరు స్త్రీలు, గడియ ఉన్న గది ఒకటి. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఆడబిడ్డకు కష్టము వచ్చినప్పుడు పంచాయతీ కంటె ముందు పుట్టిల్లు కావలెను. వలసలో పుట్టిల్లు దూరమగును. ఆ పుట్టిల్లు మన సంఘమే కావలెను. ఈసారి ఎవరైనా గడప తగిలినదని చెప్పినచో, తలుపు వేసి, పక్కన కూర్చొని, నెమ్మదిగా మరొకసారి అడుగుదము.